మా ఇంట్లో లేని రెండోసారి

పోయిన నెల పంజాగుట్టలో ఒక పాత రెండంతస్తుల మేడ కూలగొట్టారు. అంతకుముందు ఇల్లు ఖాళీ చేస్తూ, ఇస్త్రీ బల్ల మీద పరుచుకోవడానికి పనికొస్తాయని అక్కడి వాచ్‌మన్ నాకు ఒక మూట పాత బట్టలు ఇచ్చాడు. చిరిగిన దుప్పట్లు, రంగు పోయిన తెరలు, దిండు గలీబులు. అమీర్‌పేటలో నా బల్ల దగ్గర మూట విప్పి చూస్తుంటే ఒక గలీబు మూలన నల్లగా ఒక అక్షరం కనిపించింది. "సు" అని. గలీబు పట్టుకుంటే చిరిగేలా ఉంది, దారాలు లేచిపోయాయి. అక్షరం మాత్రం నిన్న రాసినట్టే ఉంది. అది నా చేతిరాత. పదేళ్ల వయసులో నేను రాసింది. దాన్ని పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నా బిడ్డ శిరీష వచ్చి, "ఏందమ్మా, గంతగనం జూస్తున్నవ్?" అంది. చెప్పబోతే కోపమే ముందొచ్చింది, మాటలు వెనకబడ్డాయి. "నోట్ల మాట రాకుంటే కాయితం మీద రాయి తియ్యి" అని తనే ఒక నోటుబుక్కు కొనిచ్చింది. నేను చదివింది ఐదో తరగతి. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే క్షమించండి అని మొదట్లోనే రాయబోయి కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో చదివితే మీకే తెలుస్తుంది.

మేము బట్టలు ఉతికేవాళ్లం. తాత ఉతికాడు, నాయన ఉతికాడు. అమీర్‌పేట పెద్ద రోడ్డు వెనక సందులో రేకుల కప్పు వేసిన ఒకటే గది మాది. పొద్దున లేస్తే ఇల్లంతా బట్టల మూటలే. ఎవరెవరి ఇళ్ల చెమటో, ఎవరెవరి తలనూనె వాసనో, పసిపిల్లల పాల వాసనో, మసాలా వాసనో మా గదిలోనే ఉండేది. మా సొంత ఇంటి వాసన ఏమిటో నాకు గుర్తు లేదు. బల్కంపేట దాటాక ఒక బావి పక్కన మా రేవు. అక్కడ పెద్ద బానలో చవుడు మట్టి వేసి బట్టలకు ఆవిరి పెట్టేవాళ్లు, దాన్ని ఉబ్బ వేయడం అంటారు. ఆ ఆవిరి ముక్కుకి తగిలితే కళ్లు మండేవి. అమ్మ అరికాళ్లు ఎప్పుడూ నాని తెల్లగా, ముడతలు పడి ఉండేవి. నాయన బండకేసి బట్ట కొట్టేటప్పుడు నోటితో "ఇస్సో, ఇస్సో" అనేవాడు. నిద్రలో కూడా ఒక్కోసారి అలాగే అనేవాడు, అమ్మ భుజం తట్టి, "ఇంట్లున్నవ్, పండుకో" అనేది. మధ్యాహ్నం గంజి, నీలం, ఆరేత. సాయంత్రం బొగ్గుల ఇస్త్రీపెట్టె. బొగ్గు నలిగి నాయన గోళ్ల సందుల్లోకి పోయి, తెల్లబట్ట ముట్టుకునే ముందు గోళ్లను సున్నంతో రుద్దుకునేవాడు. పక్కింటివాళ్ల పెళ్లికి పిలిచినా ముందు గోళ్లు చూసుకుని గాని బయలుదేరేవాడు కాదు.

అందరి బట్టలూ ఒకే బానలో ఉడికితే ఎవరివి ఎవరివో ఎలా తెలుస్తుంది? దానికి గుర్తులు ఉండేవి. నల్లజీడి గింజను సూదితో గుచ్చితే నల్లటి రసం వస్తుంది. ఆ రసంతో కాలర్ లోపలో, దుప్పటి మూలనో చిన్న గుర్తు పెట్టి, పైన తడి సున్నం అద్దితే ఇక ఆ గుర్తు బట్ట చిరిగేదాకా పోదు. ఒక ఇంటికి మూడు చుక్కలు, ఒక ఇంటికి గీత కింద చుక్క, ఒక ఇంటికి నిచ్చెన, ఇంకో ఇంటికి కోడికాలు. కొన్ని గుర్తులు తాత పెట్టినవి. ఆ ఇళ్లలో ముసలివాళ్లు పోయి, కోడళ్లు అత్తలైనా గుర్తు మారలేదు. అమ్మకీ నాయనకీ చదువు రాదు, కానీ ముప్పై ఇళ్ల బట్టలు కుప్ప పోస్తే కళ్లు మూసి తెరిచేలోగా వేరు చేసేవాళ్లు. బయటివాళ్లు దాన్ని చదువు అనరు. ఇప్పుడు నేనంటాను.

నన్ను బడికి పంపింది నాయనే. అమ్మకు ఇష్టం లేదు. నేను రేవుకి పోతే ఆమెకు ఒక చెయ్యి సాయం. కానీ నాయన వినలేదు. "గీ మూటలు నాతోనే ఆగాలె. నా పిల్ల నెత్తి మీద మూట సూస్తే నాకు బువ్వ దిగదు" అనేవాడు. నేను బాగా చదివేదాన్ని, సిగ్గులేకుండా చెప్తున్నాను. ఐదో తరగతిలో మా బళ్లో మొదట వచ్చాను. బొగ్గుల డిపో ఖాసీం భాయ్ ఆ సంగతి విని, నాయన బొగ్గులకు పోతే లేచి నిలబడి సలాం కొట్టాడట. "క్యా రాజయ్యా, బేటీ కలెక్టర్ అవుతదంట! జర మాకు సుత యాద్ పెట్టుకో. రేపు కారులో వచ్చి బొగ్గులడుగుతవా ఏంది?" నాయన నవ్వుతూ వచ్చి ఆ మాట అమ్మకి రెండుసార్లు చెప్పాడు. అమ్మ కూడా నవ్వి, "కలెక్టర్ అయితే ముంగట నాకో నల్లా పెట్టియ్యమను, బాయి దగ్గరికి నడువలేక సస్తున్న" అంది. మా బడి ఐదుతోనే ఆఖరు. ఆరో తరగతికి హైస్కూల్లో చేరాలి. మా సరోజిని టీచర్ నన్ను తనే తీసుకెళ్లి చేర్పిస్తానని మాట ఇచ్చింది. ఆ ఎండాకాలం సెలవులంతా నేను ఆరో తరగతి అనే మాటను నోట్లో చప్పరిస్తూ తిరిగాను.

ఆ రోజుల్లోనే పంజాగుట్టలో కొత్త మేడ ఒకటి మాకు వచ్చింది. సుభద్రమ్మగారి వాళ్లది. కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్లు, ఆయన పెద్ద ఆఫీసరు. పైన వాళ్లుండి, మిగతా మూడు వాటాలు అద్దెకిచ్చారు. నాలుగు వాటాల బట్టలూ మాకే. ఒకే మెట్ల దగ్గర నాలుగిళ్లు దొరకడం మాకు పండగ. మూట మోసుకుని వీధులు తిరగక్కర్లేదు. పైగా తెల్లచొక్కాలు, పంచెలు, మంచి దుప్పట్లు, ఉతుకు, ఇస్త్రీ రెండూ. వాళ్ల బట్టలకు గుర్తులు పెట్టాలి. నాయన ఆ వారం మా మేనత్త పోతే దినాలకు ఊరికి పోయాడు. అమ్మ రేవులో ఉంది. గుర్తులు నేను పెట్టాను.

ఇక్కడే నేను చేసిన తెలివైన పని చెప్పాలి. చుక్కలూ గీతలూ పెట్టకుండా, ఇంటి ఆడవాళ్ల పేర్లలో మొదటి అక్షరాలు రాశాను. సుభద్రమ్మకు సు, మాణిక్యమ్మకు మ, వసంతకు వ, పార్వతికి ప. ఇంకో కొత్త గుర్తు వెతుక్కునే బాధ లేదు కదా, పేరుంటే చాలు కదా అని నా లెక్క. జీడి రసం తగిలి వేళ్ల మీద పొక్కులు లేచినా ఆపలేదు. నాలుగిళ్ల బట్టలన్నిటికీ ముత్యాల్లా రాశాను. అమ్మ వచ్చి చూసి, "మంచిగున్నయ్ బిడ్డా, పూల లెక్క ఉన్నయ్" అంది. చదువుకున్న పిల్ల చేసింది, సరిగ్గానే చేసి ఉంటుందని ఆమె నమ్మకం. వాటిని చదవాల్సింది అమ్మేనని నాకు తట్టలేదు. నాకంటే ముందు ఎవరూ చదవని ఇంట్లో పుట్టిన పిల్ల చేసే తప్పు అది. చదువున్న ఇంట్లో పిల్లలు ఎంత వెతికినా ఆ తప్పు చేయలేరు.

ఆ బట్టలు ఉతికి ఆరేసిన రోజునే సరోజిని టీచర్ నన్ను హైస్కూలుకి తీసుకెళ్లింది. ఉతికిన గౌను వేసుకుని, తలకు నూనె రాసుకుని పోయాను. రాసిమ్మంటే రాశాను, చదవమంటే చదివాను. పెద్ద రిజిస్టరులో నా పేరు ఎక్కించారు. అదే సమయానికి రేవులో అమ్మా, ఊరి నుంచి నేరుగా అక్కడికే వచ్చిన నాయనా ఎండిన బట్టల కుప్ప ముందు కూర్చుని మూలలు తిప్పి తిప్పి చూస్తున్నారు. సు, మ, వ, ప. అక్షరం రానివాళ్ల కళ్లకు ఒకేలా మెలికలు తిరిగిన నల్లటి ముద్దలు. రేవులో ఇంకో మూడు కుటుంబాలున్నా ఎవరికీ చదువు రాదు. నా కోసం ఆగుదామంటే, సుభద్రమ్మగారి ఇంట్లో అందరూ ఆ రాత్రి బండికి పెళ్లికి పోతున్నారు, అప్పటికే రెండుసార్లు మనిషిని పంపారు. చివరికి అమ్మ అంచులు చూసి, సైజులు చూసి, అంచనాగా నాలుగు మూటలు కట్టింది. నాయన ఇస్త్రీ చేసి పొద్దుగూకేలోపు ఇచ్చి వచ్చాడు. సారు పెళ్లికి కట్టుకోవాల్సిన జరీ పంచె కింది వాటాకు పోయింది. వాళ్ల దుప్పట్లు వీళ్లకూ వీళ్లవి వాళ్లకూ పోయాయి. నాలుగు వాటాలూ ఒకే మేడలో ఉన్నాయి. మెట్లు దిగి మార్చుకుంటే అయిపోయేది. అంతే తప్పు.

పెళ్లి నుంచి వాళ్లు తిరిగొచ్చాక నాయన నన్ను వెంటబెట్టుకుని క్షమించమని అడగడానికి పోయాడు. తల తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. వరండాలో సుభద్రమ్మగారి కొడుకు కిరణ్ కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. పదో తరగతి ఫలితాలు వచ్చాయి, అతను తప్పాడు. ఆమె ఉప్మా ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడి బతిమాలుతోంది. ఆ మాటలు నేను ఒక్కటీ మర్చిపోలేదు.

"ఊరుకో నాన్నా, రెండు ముద్దలు తిను. మూడు సబ్జెక్టులేగా పోయింది! సెప్టెంబర్లో రాద్దువుగాని. అప్పుడూ పోతే మార్చి ఉంది. మంచి మాస్టార్ని ఇంటికే పిలిపిస్తాను. చిన్నపిల్లాడివి, తప్పు ఎవరు చెయ్యరూ?"

ఆ తర్వాత ఇటు తిరిగింది. "ఏంటి రాజయ్యా, మళ్లీ వచ్చావ్?"

"అమ్మా, పిల్ల తెల్వక జేసింది. గుర్తులన్నీ మల్ల పెడ్త. ఒక్కపాలి మాఫ్ జేయుండ్రి."

"మాఫ్ ఏంటయ్యా మాఫ్? పెళ్లిలో మావారు పాత పంచె కట్టుకుని కూర్చున్నారు. మా దుప్పట్లు ఎవరో కప్పుకున్నారు, తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. ఒకసారి చేసినవాళ్లు మళ్లీ చెయ్యరని ఏంటి నమ్మకం?"

"చిన్న పిల్ల గదమ్మా. మొన్ననే పదేండ్లు నిండినయ్."

"పదేళ్ల పిల్లతో పని ఎవరు చేయించమన్నారు నిన్ను? నాలుగు అక్షరాలు రాగానే మా బట్టల మీద రాసి చూపించుకోవాలా? వద్దులే, వేరేవాళ్లని మాట్లాడుకున్నాం. కింది వాళ్లకి కూడా చెప్పేశాను."

కిరణ్ నా వైపు చూశాడు. అతనికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియదు. ఉప్మా ప్లేటు మాత్రం అందుకున్నాడు.

ఒకే వరండా, ఒకే నోరు. రెండు తప్పులకు రెండు తీర్పులు. నాకు అప్పుడు కోపం రాలేదు, భయం మాత్రమే వేసింది. కోపం తర్వాత వచ్చింది, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వచ్చింది, ఇప్పటికీ వస్తూనే ఉంది. ఆమె చెడ్డ మనిషి అని నేను అనను. కొడుకు మీద ఉన్న ఓర్పులో పిసరంత ఇటు విదిలిస్తే నేను ఆరో తరగతి చదివేదాన్ని. ఆమెకు దాని విలువ ఒక పూట చిరాకు. మాకు నాలుగిళ్లు.

నాలుగిళ్లు పోయేసరికి రేవు పని ఒక్కటే సరిపోలేదు. నాయన అమీర్‌పేట రోడ్డు పక్కన ఇస్త్రీ బండి పెట్టి రోజంతా అక్కడే నిలబడాల్సి వచ్చింది. రేవులో అమ్మ ఒక్కతే అయింది. ఉబ్బ వేయాలంటే ఇద్దరు కావాలి. ఆ ఇంకొకరు నేనే. నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఇస్త్రీ చేస్తూ చేస్తూ పెట్టె ఆపి, "ఒక్క ఏడాది ఆగు బిడ్డా" అన్నాడు. అంతే. బళ్లు తెరిచిన మూడో రోజు పొద్దున్నే సరోజిని టీచర్ మా సందులోకి వెతుక్కుంటూ వచ్చింది. అమ్మ కూర్చోమని డబ్బా వేస్తే కూర్చోలేదు.

"రాజయ్యా, గిట్ల జెయ్యకు. ఇసొంటి పిల్లను ఇంట్ల కూసోబెడ్తవా? రిజిస్టర్ల పేరు సుత ఎక్కింది."

నాయన చేతిలో చొక్కా ఉంది. దాన్ని మడత పెట్టడం పూర్తయ్యాక గాని తల ఎత్తలేదు.

"పేరెక్కిందా టీచరమ్మా?"

"ఎక్కింది. నేనే దగ్గరుండి ఎక్కిచ్చిన."

"కొట్టేపియ్యుండ్రి."

టీచర్ ఏడ్చింది. అమ్మ ఏడ్చింది. నేను రేవులో బాన కింద మంటకు తీసుకుపోవాల్సిన కట్టెలు మోస్తూ లోపలికీ బయటికీ తిరిగాను. పక్క సందులో మా క్లాసు పిల్లలు కొత్త సంచులు వేసుకుని పోతున్నారు. వాళ్లలో ఇద్దరికి లెక్కలు నేను చెప్పాను. వచ్చే ఏడాది అన్నది ఆ ఏడాదీ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఆ చదువు అక్కడితో సరి.

నాయన పోయేదాకా ఇస్త్రీ బండి మీదే నిలబడ్డాడు. ఆయన తర్వాత అదే చోట నేను నిలబడ్డాను. బండి పోయి బల్ల వచ్చింది, బొగ్గులు పోయి కరెంటు పెట్టె వచ్చింది. ఊరు ఎంత మారిందో నన్నడగండి, అంతా నా బల్ల ముందు నుంచే మారింది. రేవు మీద అపార్టుమెంట్లు లేచాయి. అమీర్‌పేటలో ఏ మేడ చూసినా కోచింగే, కాలు పెట్టడానికి సందు లేదు. మెట్రో రైలు నా నెత్తి మీదుగా పోతుంది. మా ఆదాయం పెరగలేదా అంటే పెరిగింది. బియ్యం ధర పెరిగినట్టే పెరిగింది. శిరీష డిగ్రీ పాసైంది, మా వంశంలో మొదటిది. పాసై పంజాగుట్టలో చీరల షోరూంలో పనికి చేరింది. పొద్దున్నుంచి దుకాణం మూసేదాకా నిలబడే ఉండాలి, కూర్చుంటే జీతం కోత. వచ్చినవాళ్లకి చీరలు విప్పి చూపించి మళ్లీ మడతలు పెట్టాలి. తాత ఉతికిన బట్ట వేరొకరిది, నాయన ఇస్త్రీ చేసింది వేరొకరిది, నా బిడ్డ మడత పెట్టేదీ వేరొకరిదే. అయినా చూసేవాళ్లు, "మీ అమ్మాయి ఏసీలో ఉద్యోగం, మీరు పైకొచ్చారు యాదమ్మా" అంటారు. ఆ ఏసీలో సాయంత్రానికి దాని కాళ్లు ఎంత వాస్తాయో నేను నూనె రాస్తాను కాబట్టి నాకు తెలుసు.

ఇక కిరణ్ సంగతి. సెప్టెంబర్లో మళ్లీ తప్పాడు. మార్చిలో గట్టెక్కాడు. వేరే రాష్ట్రంలో డొనేషన్ కట్టి ఇంజనీరింగ్‌లో చేర్చారు. అక్కడ ఎన్నేళ్లు పట్టిందో నాకు తెలియదు. వచ్చి ఏదో వ్యాపారం పెట్టాడు, మునిగింది. వాళ్ల నాన్న ఇంకోటి పెట్టించారు, అదీ మునిగింది. మూడోది కంప్యూటర్ కోచింగ్, అది నిలబడింది. ఇప్పుడు అమీర్‌పేటలో నాలుగంతస్తులు. ముందు గోడకు పెద్ద ఫ్లెక్సీ, చేతులు కట్టుకుని నవ్వుతూ ఆయన ఫొటో. పక్కన పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు: "నేను పదో తరగతి రెండుసార్లు తప్పాను. పట్టుదల వదల్లేదు. మీరూ గెలవగలరు." రోజూ చూస్తాను. ఆయన తప్పులు గోడకెక్కి పిల్లలకు పాఠం అయ్యాయి. నేను చేసిన ఒక్క తప్పు నా బతుకును మింగేసింది. పట్టుదల వదల్లేదట! వదలనిచ్చే వాళ్లెవరు? కిందపడితే పట్టుకోవడానికి కింద ఒక మేడ ఉంది. కష్టపడితే ఎవరైనా పైకొస్తారని టీవీలో చెప్పేవాళ్లను నేను ఒక్కటే అడుగుతాను. నా కంటే, మా అమ్మ కంటే ఎవరు కష్టపడ్డారు? ఆమె అరికాళ్లు పాడె మీద కూడా తెల్లగానే ఉన్నాయి.

మొన్న ఆ కోచింగ్ ఆఫీసు చొక్కాలు ఇవ్వడానికి పోతే కిరణ్ సారే ఎదురుపడ్డాడు. నా పక్కన శిరీష ఉంది, ఆ రోజు దానికి వారపు సెలవు. నన్ను గుర్తుపట్టి, "యాదమ్మా! బాగున్నావా? అమ్మ ఎప్పుడూ మీ నాన్న ఇస్త్రీ గురించే చెప్పేది" అన్నాడు. నిజంగానే ఆప్యాయంగా అన్నాడు. దాని చదువు కనుక్కుని, "షోరూంలో ఏంటి, డిగ్రీ చేసి! మా దగ్గర చేర్పించు. నీ కూతురు కాబట్టి సగం ఫీజే" అని అక్కడున్న అమ్మాయితో ఫారం ఇప్పించాడు.

శిరీష మొహం వెలిగిపోయింది. నేను ఫారం అంతా చదివాను, అడుగున చిన్న అక్షరాలతో సహా.

"సార్, ఈ సగం ఫీజు పిల్లలు ఫెయిల్ అయితే ఎట్ల?"

ఆయన నవ్వాడు. "ఫెయిల్ ఎందుకవుతుంది?"

"అయితే అని అడుగుతున్న."

"ఒక్క టెస్టు పోయినా కన్సెషన్ తీసేస్తారు, పూర్తి ఫీజు కట్టాలి. అందరికీ అదే రూలు యాదమ్మా. ఊరికే ఇస్తే విలువ తెలియదు కదా?"

"రెండోసారి రాసుకోనియ్యరా సార్?"

"పూర్తి ఫీజు కట్టినవాళ్లకుంది," అన్నాడు. ఫోన్ మోగితే మాట్లాడుతూ లిఫ్టులోకి పోయాడు.

మెట్లు దిగుతుంటే శిరీష నా చెయ్యి పట్టుకుంది. నా మొహం చూసి భయపడినట్టుంది. "గంత ఫికర్ జెయ్యకమ్మా. సక్కగ సదువుత. నేను ఫెయిల్ గాను, ఒట్టు," అంది.

మెట్ల మధ్యలో ఆగిపోయాను. మా వెనక దిగుతున్న పిల్లలు విసుక్కుంటూ పక్క నుంచి పోయారు.

"ఒట్టు పెట్టకు," అన్నాను. "ఫెయిల్ గావొచ్చు బిడ్డా. గా సారు లెక్క నువ్వు సుత ఫెయిల్ గావొచ్చు."